కాంబి బాయిలరా, వేడినీళ్ల సిలిండరా? ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్ల కోసం

నమస్తే అండి. మొన్న ఒక చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్లు రెడింగ్‌లో మూడు బెడ్‌రూమ్‌ల పాత ఇల్లు కొన్నారు. "అక్కా, పైన అలమరాలో పెద్ద రాగి సిలిండర్ ఉంది. బాయిలర్ కూడా పాతదే. రెండూ పీకేసి కాంబి పెట్టించుకోమని చూడ్డానికి వచ్చినాయన చెప్పాడు. అలమరా కూడా ఖాళీ అవుతుందట. సరేననమంటారా?" అని అడిగింది. తనకి ఫోన్లో చెప్పిందే ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. ఎందుకంటే ఆరేళ్ల కిందట మా ఇంట్లోనూ ఒకాయన ఇదే మాట అన్నాడు. మేం రెండు నిమిషాల్లో సరేనన్నాం.

కొత్తగా వచ్చినవాళ్లకి ముందు ఒక మాట. ఇక్కడ సిలిండర్ అంటే వంటగ్యాస్ బండ కాదు, వేడినీళ్లు నిల్వ ఉండే పెద్ద డ్రమ్ము. మన ఊరి స్టోరేజ్ గీజర్‌కి పెద్దన్న అనుకోండి. బాయిలర్ అంటే గ్యాస్‌తో నీళ్లు కాచే పెట్టె. అది వేరే చోట ఉండి ఈ నీళ్లనూ, గదులను వెచ్చగా ఉంచే గోడ రేడియేటర్లలోని నీళ్లనూ కాచిపెడుతుంది. కాంబి అయితే ఇన్‌స్టంట్ గీజర్ లాంటిది, నిల్వ ఏమీ ఉండదు. మీరు కుళాయి తిప్పగానే మెయిన్స్ నీళ్లు, అంటే వీధి పైపు నుంచి నేరుగా వచ్చే నీళ్లు, బాయిలర్ లోపలి నుంచి పోతూ పోతూ వేడెక్కి బయటికి వస్తాయి. ఆ కాసేపు రేడియేటర్లకి వేడి ఆగుతుంది. కుళాయి కట్టేస్తే మళ్లీ వాటికి వెళుతుంది.

వచ్చినాయన 24 కిలోవాట్లు, 30 కిలోవాట్లు అని చెబుతుంటే అది ఇల్లు వెచ్చగా ఉండటానికి అనుకుంటాం. నిజానికి మామూలు మూడు బెడ్‌రూమ్‌ల ఇంటిని వెచ్చగా ఉంచడానికి అంత అక్కర్లేదు. ఆ పెద్ద అంకె స్నానాల నీళ్ల కోసం. అది కూడా ఎంతవరకు సరిపోతుందో లెక్క చూద్దాం. జనవరిలో మెయిన్స్ నీళ్లు 5 డిగ్రీల దాకా పడిపోతాయి. ఒంటికి పోసుకునే నీళ్లు 40 ఉండాలి. అంటే 35 డిగ్రీలు పెంచాలి. 24 కిలోవాట్ల కాంబి అలా వేడిచేసి నిమిషానికి 10 లీటర్ల లోపే ఇవ్వగలదు. 30 కిలోవాట్లదైతే 12. ఒక్క మంచి షవర్‌కే నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోతాయి. రెండో బాత్రూమ్‌లో ఇంకొకరు షవర్ తిప్పితే ఇద్దరికీ సన్నధారే. జూన్‌లో నీళ్లు అంత చల్లగా ఉండవు కాబట్టి అదే కాంబి ఎక్కువ నీళ్లిస్తుంది. అందుకే వేసవిలో పెట్టించుకున్నవాళ్లకి ఈ సంగతి ఆరు నెలల దాకా తెలియదు. మాకూ అలాగే తెలియలేదు.

మేం పెట్టించుకున్నప్పుడు ఇంట్లో ఇద్దరమే. ఒకటే బాత్రూమ్. నిజం చెప్పాలంటే అప్పటికి కాంబి బాగానే పనిచేసింది. తర్వాత లాఫ్ట్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో, గది వేయించి, అక్కడొక షవర్ పెట్టించాం. బాబు పుట్టాడు. నా డెలివరీకి అమ్మ, నాన్న వచ్చారు. మీకు తెలిసిందే కదండీ, మన ఇళ్లలో అమ్మావాళ్లు వస్తే ఒక వారానికి రారు, విజిటర్ వీసా ఉన్న ఆరు నెలలూ ఉంటారు. పొద్దున ఆరింటికే అమ్మ బకెట్ నింపుకుంటుంది. ఎనిమిదిలోపు మా ఆయన ఆఫీసుకి తయారవ్వాలి. బాబుకి నూనె రాసి నీళ్లు పోయాలి, నేనా బాలింతని. ఆ ఏడాది భోగి రోజు తలంట్లు పోసుకోవడానికి మధ్యాహ్నం పన్నెండయింది. కింద వంటింట్లో ఎవరైనా గిన్నెలు కడిగితే పైన తల మీద చల్లనీళ్లు పడేవి.

అంతకంటే పెద్ద కష్టం ఫిబ్రవరిలో వచ్చింది. బాయిలర్ ఆగిపోయింది. పార్ట్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. కాంబి ఆగిందంటే రేడియేటర్లూ ఆగుతాయి, వేడినీళ్లూ ఆగుతాయి. ఆ నాలుగు రోజులూ అమ్మ స్టవ్ మీద పెద్ద గిన్నెల్లో నీళ్లు కాచి, మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చి నాకూ బాబుకీ పోసింది. మేం పీకించేసిన పాత సిలిండర్‌కి ఇమ్మర్షన్ హీటర్ ఉండేది. అది 3 కిలోవాట్ల కరెంటు కడ్డీ, బాయిలర్‌తో సంబంధం లేదు. ఒక్క స్విచ్ వేస్తే నాలుగు గంటల్లో సిలిండరంతా కాగేది. అలమరాలో తువ్వాళ్లు పెట్టుకోవడానికి చోటు వస్తుందని ఆ స్విచ్‌ను వదులుకున్నాం. అమ్మ ఆ మెట్లు ఎక్కడం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు సిలిండర్ లెక్క కూడా చూద్దాం. అందులో నీళ్లను 60 డిగ్రీల దాకా కాచాలి. ఎందుకంటే గోరువెచ్చగా నిల్వ ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. 60 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలుపుకుంటాం కాబట్టి, 150 లీటర్ల సిలిండర్ నుంచి స్నానానికి 230 లీటర్ల చిల్లర వస్తాయి. అంటే ముగ్గురు నలుగురు ఒకరి తర్వాత ఒకరు, లేదా ఇద్దరు ఒకేసారి స్నానం చేయొచ్చు. అయిపోతే బాయిలర్ మళ్లీ కాచడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఊరికే వేడంతా పోతుంది కదా అని చాలామంది అంటారు. పాత రాగి సిలిండర్ల విషయంలో అది నిజమే. మందంగా ఫోమ్ ఉన్న కొత్తవాటిలో రోజుకు పోయేది ఒకటిన్నర యూనిట్ అటూ ఇటూ. గ్యాస్ యూనిట్ 6, 7 పెన్నీలున్నప్పుడు అది రోజుకు పది పెన్నీల ఖర్చు. దానికోసం అంత టెన్షన్ అక్కర్లేదు.

సిలిండర్లలో రెండు రకాలున్నాయి. లాఫ్ట్‌లోని చన్నీళ్ల ట్యాంకు నుంచి నిండేది పాత పద్ధతి, దాంతో షవర్ ధార నెమ్మదిగా ఉంటుంది. నేరుగా మెయిన్స్ ప్రెషర్ మీద నడిచేది అన్‌వెంటెడ్. ధార బాగుంటుంది గానీ, మూసి ఉన్న పాత్రలో వేడినీళ్లు ప్రెషర్ మీద ఉంటాయి కాబట్టి సేఫ్టీ వాల్వులు సరిగ్గా ఉండాలి. అది పెట్టేవాళ్లకి జి3 అనే, ఇలాంటి సిలిండర్ల పనికి ఇచ్చే అర్హత ఉండాలి, ఏటా సర్వీస్ చేయించాలి. గ్యాస్ బాయిలర్ ముట్టుకునేవాళ్లకి గ్యాస్ సేఫ్ కార్డు, అంటే గ్యాస్ పనికి రిజిస్టరైనట్టు చూపే కార్డు, తప్పనిసరి. మొహమాటపడకుండా కార్డు అడిగి, వెనక్కి తిప్పి, అందులో ఏ పనులకి అర్హత రాసుందో చూడండి.

ఇంతకీ ఏది తీసుకోవాలో తేల్చేది బ్రాండ్ కాదు, మీ ఇంట్లోకి వచ్చే మెయిన్స్ నీళ్లు. ఎవరినీ పిలవకముందే పొద్దున ఏడింటికి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లూ నీళ్లు వాడే వేళ, వంటింటి చన్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పి ఒక నిమిషం బకెట్లలో పట్టండి. ఎన్ని లీటర్లో కొలవండి. నిమిషానికి పదే వస్తుంటే 35 కిలోవాట్ల కాంబి కొన్నా డబ్బు దండగే, రాని నీళ్లను అది వేడిచేయలేదు. అన్‌వెంటెడ్ సిలిండర్ కూడా రెండు షవర్లకి చాలదు. అప్పుడు వీధి నుంచి వచ్చే పైపు సంగతి ముందు చూసుకోవాలి. పాత ఇళ్లలో అది సన్నగా ఉండొచ్చు, పక్కింటితో కలిసి ఉండొచ్చు. 20 లీటర్లు దాటితే, రెండు బాత్రూమ్‌లుంటే, నేనైతే సిలిండరే అంటాను.

ఫ్లాట్‌లో ఒకే బాత్రూమ్, ఇద్దరు మనుషులు, చోటు తక్కువ అయితే కాంబి పెట్టించుకోండి, తప్పేం లేదు. లండన్, రెడింగ్ వైపు నీళ్లలో సున్నం ఎక్కువ, లోపల పేరుకుంటే వేడినీళ్ల ధార తగ్గిపోతుంది. ఆ సంగతి మాత్రం సర్వీస్ చేసేవాళ్లను ముందే అడగండి.

ఇంకో విషయం. పదేళ్లు అదే ఇంట్లో ఉండాలనుకుంటే హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటికిచ్చే కరెంటు యంత్రం) గురించి కూడా ఆలోచిస్తారు. 2023 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో దానికి 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తున్నారు. హీట్ పంప్ కాంబిలా అప్పటికప్పుడు నీళ్లు కాచలేదు, దానికి సిలిండర్ కావాలి. ఈరోజు అలమరా ఖాళీ చేస్తే అప్పుడు మళ్లీ చోటు వెతకాలి. పైకప్పు మీద సోలార్ పెట్టినా, మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో ఆ సిలిండర్‌లోనే నీళ్లు కాచుకోవచ్చు. కాంబిలో దాచుకోవడానికి చోటే లేదు.

ఆ చెల్లెలు మొన్న ఆదివారం పొద్దున కొలిచింది. నిమిషానికి 22 లీటర్లు వచ్చాయి. పాత రాగిది తీసేసి, అదే అలమరాలో 210 లీటర్ల అన్‌వెంటెడ్ సిలిండర్, ఇమ్మర్షన్ స్విచ్‌తో సహా పెట్టించుకుంటున్నారు. మార్చిలో వాళ్ల అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. ఆలోపు పని పూర్తయ్యేలా డేట్ తీసుకున్నారు.