2,200 రూపాయల పాత వయొలిన్: 14 నెలల తర్వాత నా రివ్యూ

ముందు ఒక చప్పుడు వినండి. (ఫోన్‌లోని పాత రికార్డింగ్ వినిపిస్తూ) ఇది పద్నాలుగు నెలల క్రితం నాటిది. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, గేటుకి నూనె వేయించండి" అంది. ఇప్పుడు ఇది వినండి. (తీగ మీద నిదానంగా కమాను లాగిన చప్పుడు) రెండూ ఇదే వయొలిన్. వాయించింది కూడా నేనే.

నమస్కారం అండి. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. నలభై రెండేళ్ల వయసులో వయొలిన్ మొదలుపెట్టిన మనిషిని, కాబట్టి విద్వాంసుడి రివ్యూ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ వయొలిన్ కొంటే నిజంగా ఎంత చేతిచమురు వదులుతుంది, వాయించే స్థితికి ఎలా వస్తుంది, అది చెప్తాను.

కొన్నది ఒక ఇంట్లో. వాళ్లబ్బాయి ఆరు నెలలు నేర్చుకుని మానేశాడట, ఇంటర్‌కి హాస్టల్లో వేశారు, వయొలిన్ అటకెక్కింది. మూడు వేలు చెప్పారు, రెండు వేల రెండు వందలకి ఇచ్చారు. బేరం ఆడేముందు నేను చేసిన మంచి పని ఒక్కటే, టేపు తీసుకెళ్లడం. పిల్లలు మానేసిన వయొలిన్లలో ముప్పావు సైజువి, అర సైజువి చాలా ఉంటాయి. ఫోటోలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మెడ వదిలేసి ఒట్టి డొక్క కొలిస్తే సుమారు 14 అంగుళాలు ఉండాలి, అది పెద్దవాళ్ల సైజు. ఇది ఉంది.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తాను. ఈ ఎఫ్ ఆకారం కంతలోంచి టార్చి వేస్తే లోపల ఒక కాగితం కనిపిస్తుంది చూడండి. ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమోనా, పదిహేడు వందల ఎంతో. ఇది చూసి మా బావమరిది, "బావా, ఇది కోట్లు!" అని కుర్చీలోంచి లేచాడు. కింద చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ చైనా అని ఉంది, అది చదవలేదు. స్ట్రాడివేరి 1737లోనే పోయారు. ఆయన పేరుతో ఇలాంటి చీటీ అంటించిన ఫ్యాక్టరీ వయొలిన్లు ప్రపంచమంతా లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ చీటీ చూసి ఎవరైనా వెయ్యి ఎక్కువ అడిగితే నవ్వి వచ్చేయండి.

ఇంటికొచ్చి ఊపితే లోపల ఏదో గలగలమంది. చాక్‌పీస్ ముక్కేమో అనుకున్నాను. అది సౌండ్ పోస్ట్. పై పలకకీ కింద పలకకీ మధ్య నిలబడే చిన్న కర్ర, ఆరు మిల్లీమీటర్ల లావు ఉంటుందంతే. దానికి జిగురు ఉండదు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. ఇటలీవాళ్లు దాన్ని ఆనిమా అంటారు, ప్రాణం అని అర్థం. నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేస్తే అది పడిపోయే ప్రమాదం ఉంది. ఆ అబ్బాయి సరిగ్గా అదే చేసి అటకెక్కించాడు. నేనేమో వీడియోలు చూసి, వంకర ఇనప తీగ ఒకటి కంతలోంచి దూర్చి, ఒక ఆదివారమంతా దాన్ని నిలబెట్టడానికి కూర్చున్నాను. నిలబడ్డట్టే నిలబడి, బ్రిడ్జి, అంటే తీగల్ని పైకెత్తి పట్టే చెక్కముక్క, పెట్టేలోపు పడేది. సాయంత్రానికి కంత అంచున ఇదిగో ఈ గీత మిగిలింది. ఆ పని తెలిసినవాళ్లకి ఇచ్చేయండి, మొండికెయ్యకండి.

రిపేరు చేసే పెద్దాయన ముందుగా వయొలిన్ అంచు చుట్టూ వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లారు. టక్, టక్, టక్, ఒకచోట మాత్రం జర్‌మంది. అక్కడ పై పలక పక్క చెక్క నుంచి విడిపోయింది. "ఇంట్లో తెల్ల గమ్ము ఉంది, నేను అంటించేస్తాలెండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "బాబూ, అది పెడితే ఇంక దీన్ని ఎవరూ విప్పలేరు." వయొలిన్‌కి పశువుల తోలు నుంచి తీసిన జిగురు వాడతారు. అవసరమైనప్పుడు కాస్త వేడి, తడి తగిలిస్తే చెక్క విరక్కుండా ఊడి వస్తుంది. మీరు కొనేటప్పుడు ఈ తట్టే పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. అంచు విడిపోతే భయం లేదు, అతుక్కుంటుంది. మెడ మొదట్లో పగులున్నా, బ్రిడ్జి కింద పై పలకలో పగులున్నా మాత్రం వంద రూపాయలకిచ్చినా వద్దు.

అసలు తేడా తెచ్చింది బ్రిడ్జి. కర్ర నిలబెట్టించాక కూడా ముందు పాత బ్రిడ్జితోనే వాయించాను. అది దాదాపు చదునుగా ఉండేది, ఒక తీగ మీద కమాను పెడితే పక్క తీగ కూడా మూలిగేది. నాకు చేతకావట్లేదని రెండు వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను. పైగా తీగలు ఎంత ఎత్తులో ఉండేవంటే, నొక్కితే వేళ్లకి గాట్లు పడేవి. ఆయన కొత్త బ్రిడ్జి చెక్కి, వంపు తీర్చి, దాని కాళ్లు పలక మీద సందు లేకుండా కూర్చోబెట్టారు. వేళ్లతో నొక్కే పలక, అదే ఫింగర్ బోర్డు, దాని చివర సన్న తీగ కింద సందు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు, లావు తీగ కింద ఐదున్నర. అంతే, వేరే వాయిద్యం అయిపోయింది.

కమాను కథ వేరే. పెట్టె తెరిస్తే సగం వెంట్రుకలు పురుగు కొట్టేసి ఉన్నాయి. గుర్రపు వెంట్రుకలు కదా, చీకట్లో మూసిపెడితే పురుగులు తినేస్తాయి. కొత్త కమాను 850కి కొన్నాను. ఆత్రంగా తీగ మీద లాగితే, శబ్దమే లేదు! గీ కూడా అనలేదు. వయొలిన్ చచ్చిపోయిందనుకున్నాను. కొత్త వెంట్రుకలకి రోజిన్, అంటే తీగ మీద పట్టు ఇచ్చే గట్టి బంక, రాయకపోతే అంతే, జారిపోతుంది. రోజిన్ బిళ్ల కూడా కొత్తదైతే అద్దంలా ఉండి అంటుకోదు, దాని మీద గరుకు కాగితంతో నాలుగు గీతలు గీయాలి. ఇవన్నీ ఎవరూ చెప్పరండీ, కొట్లో ఇచ్చి పంపేస్తారు.

లెక్క చెప్తాను. వయొలిన్ 2,200, తీగలు 780, బ్రిడ్జి 250, కర్ర నిలబెట్టి అంచు అతికించినందుకు 800, కమాను 850, రోజిన్ 150. మొత్తం 5,030. ఆ డబ్బుకి కొత్తది వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ ఆ ధర కొత్తదాన్ని మా స్నేహితుడు కొన్నాడు, దానికీ బ్రిడ్జి చెక్కించాల్సి వచ్చింది. కాబట్టి పాతది కొంటే మిగులుతుందని నేను చెప్పను. ఐదు వేలలోపు ఏది కొన్నా, ఇంకో రెండు వేలు దాన్ని సరిచేయించడానికి పక్కన పెట్టుకోండి. ఆ రెండు వేలు లేకపోతే ఆగి, ఆ నెల కొనకండి.

ఇక నేర్చుకోవడం. మా మాస్టారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నారు. 1919లో మొదలైన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషి ముందు నేను ఫింగర్ బోర్డు మీద రంగు స్టిక్కర్లు అంటించుకుని కూర్చున్నాను. స, రి, గ ఎక్కడున్నాయో తెలియాలని. ఆయన ఒక్కొక్కటీ గోరుతో పీకుతూ, "ఇవేంటి నాయనా, బొట్టుబిళ్లలా?" అన్నారు. వయొలిన్‌కి వీణలా మెట్లు ఉండవు. వేలు వెంట్రుకవాసి పక్కకి పడితే అపస్వరమే. ఫోన్‌లో తంబురా పెట్టుకుని, నెలరోజులు వేలు పెట్టకుండా ఒట్టి తీగల మీద కమాను మాత్రమే లాగించారు. బోరు కొట్టిందా అంటే, కొట్టింది. రోజూ అరగంట.

మరో పొరపాటు. మొదట్లో ఫోన్ ట్యూనర్ చూసి పాశ్చాత్య పద్ధతిలో జీ, డీ, ఏ, ఈ అని శ్రుతి చేయబోయాను. తుప్పు పట్టిన పాత సన్న తీగ టప్పున తెగి చెంపకి తగిలింది. మన కర్ణాటక సంగీతం పద్ధతి వేరు. లావు తీగ నుంచి మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం, అంటే కింది స, ప, ఆపై స, ప. నేను రెండున్నర శ్రుతికి, అంటే ఆ ట్యూనర్ చెప్పేదానికన్నా కిందకి, పెట్టుకుంటాను, తీగ మీద అంత బిగువు ఉండదు. కూర్చోవడమూ వేరే. మఠం వేసుకుని, వయొలిన్ తల భాగం కుడి పాదం మీద ఆనించి, ఇంకో చివర ఎడమ ఛాతీకి ఆనించాలి. అప్పుడు ఎడమ చేతికి వయొలిన్ మోసే పని లేక, గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, పైకీ కిందకీ జారగలుగుతుంది. జారడానికి వేలికి చుక్క కొబ్బరినూనె రాసుకునేవాళ్లూ ఉన్నారు. నేనూ రాసుకున్నాను, అదే చేత్తో కమాను వెంట్రుకలు పట్టుకున్నాను. ఆ రోజు పాఠం అయిపోయింది.

ఇప్పటికి మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలు, సరళి, జంట వరసలు, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వస్తాయి. మూడో కాలంలో కమాను, వేళ్లు దేని దారి అవి చూసుకుంటాయనుకోండి. మలహరి రాగంలో ఒక గీతం, అంటే చిన్న పాట, చేతిలో ఉంది.

ఈ వయొలిన్‌లో ఇప్పటికీ నన్ను ఏడిపించేది ఇదిగో, తీగలు బిగించే ఈ బిరడలు. మన వైజాగ్ గాలికి వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటాయి, అప్పుడు పొడి సబ్బు రాస్తాను. గాలి పొడిగా ఉంటే జారతాయి, అప్పుడు సుద్దముక్క. ఈ రెండూ పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి.

సరే, ఆ గీతం రెండు లైన్లు వినిపిస్తాను. ఫ్యాన్ చప్పుడు రికార్డవుతుందని ఇవాళ పొద్దున్నుంచి ఏసీ వేసే ఉంచాను, గది బాగానే చల్లబడింది.

(తంబురా మొదలవుతుంది, గీతం మొదటి లైను, రెండో లైనులో సగం. టర్‌ర్‌మని పంచమం తీగ వదులైపోతుంది.)

అదిగో, జారింది. ఏసీ గాలి కదా! ఒక్క నిమిషం అండి, సుద్దముక్క... పెట్టెలో లేదే. ఏమోయ్, పిల్లాడేమైనా తీశాడా?