ఒక్క ఎల్‌ఎమ్ 358తో వేడిని గమనించే ఫ్యాన్ స్విచ్

నమస్కారం. ఆప్ ఆంప్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను పెంచి చూపే చిప్) పాఠాలు చాలావరకు ఒక త్రిభుజం బొమ్మ, రెండు సూత్రాలతో ముగిసిపోతాయి. ఈరోజు ఆ త్రిభుజాన్ని బ్రెడ్‌బోర్డు మీదికి తెచ్చి పని చేయిద్దాం. గదిలో వేడి 35 డిగ్రీలకు చేరగానే ఫ్యాన్ వేసి, కాస్త చల్లబడ్డాక ఆపే సర్క్యూట్ ఇది. వాడేది ఒకే ఒక్క ఎల్‌ఎమ్ 358. ఎనిమిది కాళ్ల ఈ చిప్‌లో రెండు ఆప్ ఆంప్‌లు ఉంటాయి. ఒకదాన్ని యాంప్లిఫయర్‌గా, అంటే సిగ్నల్‌ను పెంచడానికి, రెండోదాన్ని కంపారేటర్‌గా, అంటే రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో తేల్చడానికి వాడదాం.

కాలేజీ ల్యాబులో చేతికి అలవాటైన 741 ఆప్ ఆంప్ ఎందుకు వద్దని అడగవచ్చు. 1968లో వచ్చిన ఆ చిప్‌కు ప్లస్, మైనస్ రెండు సప్లైలూ ఇచ్చి వాడతాం. మన దగ్గర ఉన్నది ఫోన్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులు మాత్రమే. పైగా వేడిని కొలిచే మన సెన్సర్ ఎల్‌ఎమ్ 35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులే ఇస్తుంది. అంటే 30 డిగ్రీలకు 300 మిల్లీవోల్టులు. గ్రౌండుకు ఇంత దగ్గరి సిగ్నల్‌ను ఒంటి సప్లై మీద 741 సరిగా చదవలేదు. 358 చదువుతుంది.

ముందుగా సప్లై: ఎనిమిదో కాలికి 5 వోల్టులు, నాలుగో కాలికి గ్రౌండు. ఈ రెండింటి మధ్య, చిప్‌ను ఆనుకునేలా, 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్ పెట్టండి. ఎల్‌ఎమ్ 35 చదునైన ముఖం మీ వైపు తిప్పి పట్టుకుంటే ఎడమ కాలు సప్లై, మధ్యది అవుట్‌పుట్, కుడిది గ్రౌండు. తిరగేసి పెడితే వేలు కాలేంత వేడెక్కుతుంది, జాగ్రత్త.

సెన్సర్ మధ్య కాలు చిప్ మూడో కాలికి. రెండో కాలి నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌లు. ఒకటో కాలి నుంచి రెండో కాలికి 22, 18 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు వరుసగా, మొత్తం 40. గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది, ఒకటికి 40 బై 10 కలపడం, అంటే అయిదు.

పది రెట్లు పెంచితే లెక్క సులువు కదా అనిపిస్తుంది. కానీ 5 వోల్టుల సప్లై మీద 358 అవుట్‌పుట్ సుమారు 3.5 వోల్టులు దాటి పైకి వెళ్లదు. గెయిన్ పది అయితే 35 డిగ్రీలకే ఆ కప్పు తగులుతుంది. మే నెలలో రెంటచింతలలో 45 డిగ్రీలు ఉన్నా మీ మీటరు 35 దగ్గరే ఆగి ఉంటుంది, మీరేమో సెన్సర్ పాడైందని కొత్తది కొంటారు! గెయిన్ అయిదుతో 45 డిగ్రీలకు 2.25 వోల్టులే, హాయిగా సరిపోతుంది. ఇప్పుడు మీటరు ఒకటో కాలి మీద పెడుతున్నాను. 1.52 చూపిస్తోంది, అంటే 30.4 డిగ్రీలు. చిప్ ఆఫ్‌సెట్ (దాని సొంత చిన్న తేడా) వల్ల అర డిగ్రీ అటూఇటూ ఉండవచ్చు, ఫ్యాన్‌కు అది పట్టింపు కాదు.

ఇక రెండో సగం. ఒకటో కాలి నుంచి 10 కిలో ఓమ్‌ల మీదుగా అయిదో కాలికి. ఆరో కాలికి 10 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్) మధ్య కాలు, ప్రీసెట్ చివరలు 5 వోల్టులకు, గ్రౌండుకు. ఏడో కాలి నుంచి 1 కిలో ఓమ్ మీదుగా 2ఎన్ 2222 ట్రాన్సిస్టర్ బేస్‌కు, ఎమిటర్ గ్రౌండుకు. కలెక్టర్‌కూ 5 వోల్టులకూ మధ్య రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కాయిల్, దాని మీద 1ఎన్ 4007 డయోడ్, గీత ఉన్న వైపు 5 వోల్టులకు. ప్రీసెట్ తిప్పి ఆరో కాలి మీద 1.70 వోల్టులు తెచ్చాను.

వేడినీళ్ల గ్లాసును సెన్సర్ దగ్గరకు తెస్తున్నాను, వినండి. సరిగ్గా హద్దు దగ్గర రిలే టకటకమని కొట్టుకుంటోంది. డిగ్రీలో పదో వంతు తేడాకే వేస్తోంది, ఆపుతోంది. ఇలాగే వదిలేస్తే రిలే కాంటాక్టులు త్వరగా మాడిపోతాయి.

మందు ఒకే ఒక్క రెసిస్టర్. ఏడో కాలి నుంచి అయిదో కాలికి 330 కిలో ఓమ్‌లు పెడుతున్నాను. అవుట్‌పుట్ 3.5 వోల్టులకు లేచినప్పుడు అందులో 33వ వంతు, దాదాపు 0.1 వోల్టు, ఇన్‌పుట్‌కు తోడవుతుంది. మన లెక్కలో అది రెండు డిగ్రీలు. మళ్లీ గ్లాసు తెస్తున్నాను. 1.75 దగ్గర, అంటే మనకు కావలసిన 35 డిగ్రీలకు, ఒక్కసారి టక్‌మంది. గ్లాసు తీసేశాను, మీటరు దిగుతోంది, 1.70 దాటినా రిలే కదల్లేదు. 1.64 దగ్గర, అంటే 33 డిగ్రీలకు కాస్త కింద, ఆగింది. ఫ్యాన్ వేసే, ఆపే వేడి మధ్య ఎడం మూడు డిగ్రీలు కావాలంటే 330 బదులు 220 వేయండి.

రిలే కాంటాక్టులకు 230 వోల్టులు కలిపే పని బ్రెడ్‌బోర్డు మీద చేయవద్దు. ప్లగ్గు తీసి, మూత ఉన్న పెట్టెలో బిగించాకే కలపండి. సెన్సర్‌ను మాత్రం పెట్టె బయటికి తీయండి. రిలే కాయిల్ పనిచేస్తున్నంతసేపూ వెచ్చబడుతుంది. సెన్సర్ దాని పక్కనే ఉంటే గది చల్లబడినా ఫ్యాన్ ఆగదు.