పొలంలో ఇంటర్న్‌షిప్: హైస్కూల్ పిల్లలు ఎలా మొదలుపెట్టాలి?

నమస్తే. ముందు నా చెయ్యి చూడండి. జానెడు లోతు నుంచి ఇప్పుడే తీసిన మట్టి ఇది, ఒక పిడికెడు. గట్టిగా పిసుకుతున్నాను. ఇదిగో, ముద్దయింది. ఇప్పుడు దీన్ని నడుము ఎత్తు నుంచి వదులుతాను. చూశారా, పడగానే పొడిపొడిగా విడిపోయింది. అంటే నేల మంచి పదునులో ఉంది, దున్నొచ్చు. విడిపోకుండా ముద్దలాగే ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. అప్పుడు దున్నితే పెద్ద పెద్ద గడ్డలు లేస్తాయి, ఎండాక అవి రాళ్లలా తయారవుతాయి. అసలు ముద్దే కట్టకపోతే తడి చాలదు. ఇసుక నేలలో మాత్రం ఇంత బాగా తేడా తెలియదు.

ఇది చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. కానీ రోజూ నేలతో ఉండే రైతు పిసికి చూడనక్కర్లేదు, కాలు పెట్టగానే చెప్పేస్తారు. ఆ అంచనా మనకూ రావాలంటే ఒకే నేలను ఎండ కాసినప్పుడు, వాన పడ్డ మర్నాడు, నీళ్లు పెట్టిన మూడో రోజున మళ్లీ మళ్లీ పట్టుకుని చూడాలి. నేను పొలం ఇంటర్న్‌షిప్ అనేది దీన్నే. బస్సులో వెళ్లి, ట్రాక్టర్ పక్కన ఫొటో దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తే పొలం చూసినట్టవుతుంది. అదీ మంచిదే, కానీ దాంతో పని రాదు.

అందుకే నా సలహా: పది పొలాలు తిరగొద్దు. ఒకే పొలంలో కనీసం 6 వారాలు, రోజుకు రెండు మూడు గంటలు ఉండండి. ముల్లంగిలో తొందరగా వచ్చే రకాలు 4 వారాల్లోనే చేతికొస్తాయి. అంటే 6 వారాల్లో విత్తడం, మొలక రావడం, ఒత్తుగా ఉన్నవి తీసేయడం, కలుపు, కోత, అన్నీ మీ కళ్ల ముందే జరుగుతాయి.

మరి పొలం ఎలా దొరుకుతుంది? పెద్ద ఫార్ముల కంటే, యజమాని స్వయంగా పని చేసుకునే చిన్న పొలం వెతకండి. రెండు మూడు పంటలు, కొన్ని పశువులు ఉంటే ఇంకా మంచిది. విత్తే రోజుల్లో, కోతల హడావిడిలో వెళ్లి అడగకండి. కాస్త తీరిక ఉన్నప్పుడు, అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లండి. ఇలా అడిగితే చాలు: "నేను తొమ్మిదో తరగతి చదువుతున్నానండి. సెలవుల్లో 6 వారాలు రోజూ పొద్దున మూడు గంటలు వచ్చి పని నేర్చుకోవాలని ఉంది. ఇప్పటిదాకా పొలం పని చేయలేదు. మీరు చెప్పిన టైముకి వస్తాను, మధ్యలో మానను."

ఆ చివరి మాట చాలా ముఖ్యం. మొదటి రెండు వారాలు మీ వల్ల ఆ రైతుకు పని తగ్గదు, పెరుగుతుంది. మీకు చూపించాలి, మీరు చేసింది సరిచేయాలి. మూడో వారంలో మీరు మానేస్తే ఆయన పెట్టిన సమయమంతా వృథా అయినట్టే. తల్లిదండ్రులూ, మీరు కూడా అక్కడ మూడు సంగతులు చూసుకోండి: పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఎవరు ఉంటారు, తాగే నీళ్లు ఉన్నాయా, టాయిలెట్ ఉందా. ఆడపిల్లలు రెండో వారానికే మానేయకుండా ఉండాలంటే ఆ మూడోది తప్పనిసరి.

మొదటి వారంలో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. కలుపు తీయమన్నారు. గడ్డిలా సన్నగా ఉన్నవన్నీ శుభ్రంగా పీకేశాను. ఒక సాలంతా అయ్యాక తెలిసింది, అవి క్యారెట్ మొలకలు. క్యారెట్‌కు ముందు వచ్చే రెండు బీజదళాలు గడ్డి పోచల్లా సన్నగా ఉంటాయి. మనం క్యారెట్ ఆకు అని గుర్తుపట్టే చీలికల ఆకు ఆ తర్వాత వస్తుంది. ఆ పొలం ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మళ్లీ విత్తనం చేతికిచ్చారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: మొదటి మొక్క పీకి, తీసుకెళ్లి చూపించండి. "ఇదేనా అండి?" అని అడగండి. అవునన్నాకే రెండోది పీకండి.

ఇప్పుడు డ్రిప్ దగ్గరికి రండి, అంటే మొక్కల మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్లిచ్చే పైపుల దగ్గరికి. ఈ పైపు మీద చిన్న బొట్టులా కనిపిస్తున్నది డ్రిప్పర్. ఇది గంటకు 2 లీటర్లు ఇచ్చే రకం. కింద కప్పు పెట్టి సరిగ్గా 6 నిమిషాలు ఆగుతాను. 200 మిల్లీలీటర్లు రావాలి. ఈ మొదటి దాంట్లో దాదాపు అంతే వచ్చాయి. సాలు చివర ఉన్న దాంట్లో చూడండి, 120 కూడా దాటలేదు. లోపల మట్టో నాచో పట్టి ఉండొచ్చు, చివరిదాకా ప్రెషర్ అందకపోయి ఉండొచ్చు. ముందు సులువైన పని చేద్దాం. పైపు చివర మూత తీసి నీళ్లు వదులుతున్నాను. చూడండి, మురికి నీళ్లు ఎలా వస్తున్నాయో! తేటగా వచ్చేదాకా వదిలి, మూత పెట్టి, మళ్లీ కొలవాలి. ఈ పని ఒక స్టూడెంట్ వారానికోసారి చేసిపెడితే ఏ రైతైనా సంతోషిస్తారు. చివర మొక్కలు ఎందుకు ఎదగడం లేదో ఆ అంకెలే చెప్తాయి.

ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్‌లో వద్దు, చేతికి మట్టి ఉంటుంది. తేదీ, వాన, నీళ్లు ఎంతసేపు పెట్టారు, ఏ ఆకు మీద ఏ పురుగు కనిపించింది, ఇవి చాలు. వాన లెక్క కూడా అక్కడే అర్థమవుతుంది. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు. హెక్టారు 10,000 చదరపు మీటర్లు కాబట్టి, 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆ హెక్టారు మీద లక్ష లీటర్లు పడ్డట్టు. క్లాసులో చదివిన గుణకారమే, కానీ తడిసిన చేలో నిలబడి వేస్తే మర్చిపోరు.

పశువులు ఉంటే వాటి దగ్గరికి మాత్రం నిదానంగా వెళ్లండి. వెనక నుంచి వెళ్లొద్దు. పాలు పితికేటప్పుడు మొదటి ధారలు వేరే గిన్నెలో ఎందుకు పితుకుతారో అడగండి. వాటిలో పలుకులు కనిపిస్తే పొదుగువాపు ఉందేమోనని అనుమానించాలి.

ఇక నేను అస్సలు రాజీపడని విషయం. ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చోవద్దు, ఎవరు రమ్మన్నా సరే. ట్రాక్టర్ వెనక యంత్రాలను తిప్పే షాఫ్ట్ మామూలుగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. బట్ట కొస చిక్కుకుంటే లాక్కునే టైము ఉండదు. వదులు బట్టలు, వేలాడే జుట్టు, చున్నీ వద్దు. పురుగుమందు కలపడం, కొట్టడం మీ పని కాదు. కొట్టిన చేలోకి లేబుల్ మీద రాసిన గడువు అయ్యేదాకా అడుగు పెట్టొద్దు. పాత బావిలోకి, పేడ గుంతలోకి, మేతో ధాన్యమో నిల్వచేసే సైలోలోకి దిగొద్దు, అక్కడ గాలి ప్రాణం తీస్తుంది. వ్యవసాయంలో భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో ఆమోదించిన 184వ ఒడంబడిక కూడా ప్రమాదకరమైన పనులకు 18 ఏళ్లు నిండాలనే చెప్తుంది. వెళ్లేముందు టెటనస్ టీకా సంగతి డాక్టర్‌ని అడగండి. ఎండలో పని చేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి నీళ్లు తాగండి.

ఇంకో మాట. ఆరు వారాలూ మీతో బస్తాలే మోయిస్తుంటే అది నేర్చుకోవడం కాదు, జీతం లేని కూలి. మొదటి రోజే మర్యాదగా అడిగి, ఒక్క సాలైనా మీ పేరున పెట్టించుకోండి. దాని మంచీచెడూ మీదే.

పొలం దొరికేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. ఈ రాత్రే ఏదో ఒక పంట విత్తనాలు 100 లెక్కపెట్టండి. తడి గుడ్డలో వరసగా పేర్చి, ఇలా చుట్టి, నీడలో పెట్టండి. గుడ్డ ఆరకూడదు, నీళ్లు కారకూడదు. చాలా పంటలకు వారం చాలు. ఎనిమిదో రోజు చుట్ట విప్పి, బాగా మొలిచినవెన్నో లెక్కపెట్టండి. 82 మొలిస్తే మొలక శాతం 82. పొలం అడగడానికి వెళ్లేటప్పుడు ఆ గుడ్డ చుట్ట కూడా చేతిలో పట్టుకెళ్లి, ఈ శాతానికి విత్తనం ఎంత వేయాలో అడగండి. మాట అక్కడి నుంచే మొదలవుతుంది.