డేరాలో పరుపు, బండికి పని

సభకు నమస్కారం. కొండల్లో, ఇసుకలో, బురదలో తిరగడానికని బండ్లు తయారుచేసే సంస్థ, తన బండి కొన్నవారిని పిలిచి ఏసీ డేరాలు, మెత్తటి పరుపులు, వడ్డించేవారితో సహా భోజనాలు ఏర్పాటు చేస్తే, అంటే ఈమధ్య గ్లాంపింగ్ అంటున్న విడిది నడిపితే, అది ఆ సంస్థ పేరుకు తగునా అన్నది ఈ పూట మన విషయం.

తగదని వెంటనే తీర్పు చెప్పేవారు మొరటుతనమే ఆ బండ్ల అసలు గుణమని నమ్ముతారు. నేను నమ్మను. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో మొదట కనబడిన ల్యాండ్ రోవర్, యుద్ధానంతర ఉక్కు కొరత వల్ల అల్యూమినియం ఒంటితో వచ్చిన సేద్యపు బండి. 1970లో దాని వెనకే వచ్చిన రేంజ్ రోవర్‌లోనూ సీట్లు వినైల్‌వే. లోపల బురదయితే నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. ఆ రేంజ్ రోవరే తర్వాతి కాలంలో తోలు సీట్ల విలాసానికి మారుపేరయింది. అయినా దాని పేరు చెడకపోవడానికి కారణం, పైన తోలు పరిచినా కింద నాలుగు చక్రాలూ తమ పని మానకపోవడమే. 1947లో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టిన మహీంద్రా, 2020 నాటి థార్‌లో టచ్‌స్క్రీన్, ఆటోమేటిక్ గేర్లు పెట్టింది. వాటితోపాటే నేలకు 226 మిల్లీమీటర్ల ఎత్తునూ, 650 మిల్లీమీటర్ల నీటిలో దిగి దాటగల శక్తినీ ఇచ్చింది. (2023లో వెనుక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా వచ్చింది. దాన్ని కొన్నవారు ఈ ప్రసంగానికి నొచ్చుకోవద్దు.)

డేరాలో సుఖం మన సీమకూ కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా డేరాలు వేసుకుంటూ తిరిగి శిస్తు నిర్ణయించాడు. ఆ డేరాలో ఏ కుర్చీ వేసుకున్నాడన్నది ఎవరికీ పట్టదు, ఎందుకంటే పని అక్కడే ఉంది కాబట్టి డేరా అక్కడ పడింది.

ఇక గండికోటకు వద్దాం. పెన్న లోయ అంచున డేరాలో నిద్ర లేవడం గొప్ప అనుభవమే. కానీ జమ్మలమడుగు నుంచి కోట దాకా తారు రోడ్డుంది. బస్సు వెళ్తుంది, చిన్న కారు వెళ్తుంది, స్కూటర్ మీద ఇద్దరు పిల్లలతో సహా సంసారం వెళ్తుంది. అక్కడ పెద్ద బండిని డేరా పక్కన కడిగి నిలబెట్టి ఫొటోలు తీస్తే, ఆ బండి పెళ్లిపందిట్లో కట్టేసిన ఏనుగులా అలంకారంగా మిగులుతుంది. చూసేవాడికి డేరా నచ్చుతుంది, బండి అక్కరలేదని తెలిసిపోతుంది. పేరుకు దెబ్బ తగిలేది పరుపు వల్ల కాదు, ఇక్కడే.

రేపు మీలో ఎవరైనా అలాంటి సంస్థలో చేరి, విడిది ఎక్కడ పెట్టాలని నన్నడిగితే, ఎర్రమల కొండల్లో అనుమతి దొరికే రాళ్ల బాట ఒకటి వెతకమంటాను. పరుపులు ఉండనీండి, రాగిసంగటి, నాటుకోడి పులుసు వేడివేడిగా ఉండనీండి. సామాను మాత్రం ముందురోజు లారీలో పంపకుండా, మంచం కోళ్ల దగ్గర నుంచి నీళ్ల క్యాన్ల దాకా ఆ బండ్లలోనే, కొన్నవారి చేతనే ఎక్కించి తీసుకెళ్లండి.