వలలో గడిచే నిమిషాలు

అందరికీ నమస్కారం.

మన హైదరాబాద్‌కు సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. అయినా వేటకు వెళ్లే జాలరికి చేపల జాడ చెప్పేది ఈ ఊరే. ప్రగతినగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే సముద్రపు ఉష్ణోగ్రతనూ నీటి రంగునూ బట్టి, చేపలు ఎటువైపు, ఎంత దూరంలో దొరికే అవకాశం ఉందో తీరానికి కబురు పంపుతుంది. అందుకే ఆ పడవల వలల్లో చిక్కే తాబేళ్లకు ఏం జరుగుతుందో మనమూ తెలుసుకోవాలి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా చలికాలం చివర మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాలకు లక్షల్లో వస్తాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుకలోకి ఒక్కొక్కటిగా వస్తాయి. ఒడ్డెక్కే ముందు వారాల తరబడి దగ్గరి నీళ్లలోనే తిరుగుతాయి. చిన్న పడవల వలలు ఉండేదీ అక్కడే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అప్పటికి తల్లి తాబేళ్లలో చాలా భాగం వెళ్లిపోయి ఉంటాయి. అసలు ఆపద జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025 జనవరిలో చెన్నై పరిసరాల్లో వెయ్యికి పైగా కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

వలను నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లే పెద్ద ట్రాలర్ల సంగతి వేరు. వల గొంతులో ఇనుప చువ్వల చట్రం బిగిస్తే రొయ్య లోపలికి పోతుంది, తాబేలు పైకి తప్పించుకుంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన ట్రాలర్ల కోసమే ఒకటి తయారు చేసింది. నీళ్లలో తెరలా నిలబెట్టే చిన్న పడవ వలకు మాత్రం ఆ చట్రం పనికిరాదు. నా బెంగంతా ఆ వల గురించే.

మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో, తెల్లవారుజామున, కళింగపట్నం ఒడ్డుకు ఒక ఫైబర్ పడవ వచ్చింది. మేం కొందరం అక్కడే ఉన్నాం. వలలో చుట్టుకున్న తాబేలు. ముందు రెక్క మొదట్లో నైలాన్ దారం చర్మంలోకి దిగిపోయింది. కదలిక లేదు. పడవ యజమాని వల కోసి దాన్ని విడిపించి, దండం పెట్టి, "పోయిందండీ" అన్నాడు. శ్రీకూర్మం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు తాబేలంటే కూర్మనాథుడే.

తాబేలు మనలాగే గాలి పీల్చే ప్రాణి. కదలకుండా ఉంటే గంటల కొద్దీ నీటి అడుగున ఉండగలదు. వలలో పెనుగులాడితే ఊపిరి చాలా త్వరగా అయిపోతుంది, స్పృహ తప్పుతుంది. చాలామంది దాన్ని వెల్లకిలా తిప్పుతారు, రొమ్ము నొక్కుతారు. రెండూ తప్పే. మాలో ఒకామె దాన్ని బోర్లా ఉంచి, మడిచిన వల మీద వెనుక భాగాన్ని ఆరంగుళాలు ఎత్తి, నీడలో పెట్టి, ముక్కు మూసుకుపోకుండా తడి గోనె కప్పింది. మూడు గంటలు ఏమీ లేదు. నాలుగో గంటలో కనురెప్ప అంచు తాకితే మూసుకుంది! ఆ పడవ యజమాని ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. సాయంత్రం అదే పడవలో లోపలికి తీసుకెళ్లి, ఇంజను ఆపి, వెనుక వైపు నుంచి నీళ్లలోకి జారవిడిచారు. ఇలా తేరుకోవడానికి ఒక్కోసారి 24 గంటలు కూడా పట్టవచ్చు.

సముద్ర తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. కేసు పడుతుందన్న భయంతో జాలరి దాన్ని వెంటనే నీళ్లలో పడేస్తే, స్పృహ లేని తాబేలు మునిగి చనిపోతుంది. చట్టం ఉండాలి. దానితోపాటు జాలరికి భరోసా కూడా ఉండాలి. తాబేలును విడిపించడానికి కోసుకున్న వలకు, ఫోటో చూపిస్తే 25,000 రూపాయల దాకా పరిహారం ఇచ్చే పద్ధతిని మహారాష్ట్ర 2018 డిసెంబరులో ప్రకటించింది. కళింగపట్నంలో ఆ రోజు కోసిన వలకు ఎవరూ పైసా ఇవ్వలేదు. అది ఆ ఇంటి నెల తిండి.

పెరూలోని సెచురా అఖాతంలో చిన్న పడవల వలలకు పది మీటర్లకొకటి చొప్పున ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కట్టి చూశారు. పచ్చ తాబేళ్లనే మరో జాతి చిక్కుకోవడం సుమారు 64 శాతం తగ్గింది, చేపల రాబడి తగ్గలేదు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన ఆలివ్ రిడ్లేకూ, మన వలలకూ ఇది ఎంత పనిచేస్తుందో మన నీళ్లలోనే తేల్చాలి. టేకు చేపల (రే చేపల) కోసం వేసే పెద్ద కన్నుల వలలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. దీపాల ఖర్చు మాత్రం జాలరి నెత్తిన వేయకూడదు.

హవాయి దగ్గర తాబేళ్లు ఎక్కువగా తిరిగే నీళ్లు ఏవో ఉష్ణోగ్రతను బట్టి గుర్తించి, అటు వెళ్లవద్దని 2006 నుంచి పడవలకు చెబుతున్నారు. చేపల కబురు పంపే ఈ ఊరి నుంచే, జనవరి వచ్చేసరికి, తాబేళ్ల గుంపుల కబురు కూడా ప్రతి పడవకూ చేరాలి. ఇక్కడి శాస్త్రవేత్తలు, విద్యార్థులు కొందరు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లను నేను అడిగేది అదే.

బయట బల్ల మీద కళింగపట్నంలో కోసిన వల ముక్క ఉంది. పక్కనే ఒక ఆకుపచ్చ దీపం పెట్టాం. వెళ్లేటప్పుడు ఆ దారాన్ని వేలికి ఒక చుట్టు చుట్టి, లాగి చూడండి.