గద్దె దిగాక అభిశంసన

శ్రోతలకు నమస్కారం. పదవి నుంచి దింపడానికే కదా అభిశంసన. మరి దిగిపోయినవాడి మీద విచారణ ఏమిటి? 2021లో అమెరికా సెనేట్ ముందుకొచ్చిన పేచీ ఇదే.

ఆ ఏడాది జనవరి 13న ప్రతినిధుల సభ 232–197 ఓట్లతో డొనాల్డ్ ట్రంప్‌ను అభిశంసించింది. అక్కడ అభిశంసన అంటే అభియోగం మోపడం వరకే. విచారించి తీర్పు చెప్పేది సెనేట్. ఆయన గడువు 20న తీరింది, అభియోగపత్రం సెనేట్‌కు చేరింది 25న. ఇక ఆయన మాజీ.

అమెరికా రాజ్యాంగంలో శిక్షలు రెండు: తొలగింపు, మళ్లీ పదవి చేపట్టకుండా అనర్హత. మొదటిది మాజీకి తగలదు, రెండోది తగులుతుంది. విచారణ జరపొచ్చన్నవారి బలం ఇక్కడే ఉంది. పాత ఉదాహరణలూ ఉన్నాయి. మన దేశంలో గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్‌ను బ్రిటన్ పార్లమెంటు 1787లో అభిశంసించింది. ఆయన పదవి వదిలి అప్పటికే రెండేళ్లు. 1876 మార్చి 2న అమెరికా యుద్ధ మంత్రి విలియం బెల్‌నాప్, లంచాల గుట్టు బయటపడగానే పొద్దున్నే అధ్యక్షుడు గ్రాంట్ దగ్గరికి పరుగెత్తి రాజీనామా ఇచ్చేశాడు. సభ వదల్లేదు, అదే రోజు అభిశంసించింది. విచారించే అధికారం ఉందని సెనేట్ 37–29తో తేల్చింది.

అయినా బెల్‌నాప్ బయటపడ్డాడు. అసలు మెలిక ఇదీ: అధికారం ఉందా లేదా అన్నది మామూలు మెజారిటీతో తేలిపోతుంది. దోషి అనడానికి మాత్రం హాజరైనవారిలో మూడింట రెండు వంతులు కావాలి. మొదటి ఓటింగులో ఓడినవాళ్లు అదే అభ్యంతరంతో రెండోసారి ‘దోషి కాదు’ అంటే అడిగేవాళ్లు లేరు. బెల్‌నాప్‌ను వదిలేయమన్నవారిలో ఎక్కువమంది చెప్పిన కారణం అదే.

2021 ఫిబ్రవరిలోనూ అంతే. 9న 56–44తో విచారణకు ఒప్పుకున్నారు. 13న దోషి అన్నవారు 57 మంది, కావలసింది 67. అనర్హతకు విడిగా మామూలు మెజారిటీ చాలు, కానీ దోషిగా తేలితేనే ఆ ఓటింగు. అన్నట్టు, పదవిలో ఉన్న అధ్యక్షుణ్ని విచారిస్తే ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి. ఈసారి ఆ పీఠం మీద కూర్చున్నది సెనేటర్ పాట్రిక్ లేహీ.

మన 61వ అధికరణంలో రాష్ట్రపతికి శిక్ష తొలగింపు ఒక్కటే, అనర్హత మాటే లేదు. కాబట్టి రాజీనామాతో కథ ముగుస్తుంది. న్యాయమూర్తుల విషయంలో అది చూశాం: కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్‌ను తొలగించాలని 2011 ఆగస్టులో రాజ్యసభ తీర్మానించింది. లోక్‌సభ వంతు రాకముందే ఆయన రాజీనామా చేశారు. అక్కడితో ఆ తీర్మానం ఆగిపోయింది.