పులుపుతో మొదలయ్యే భోజనం

శ్రోతలకు నమస్కారం.

పోలండ్ దక్షిణ భాగంలో ఉన్న క్రాకోవ్ నగరం, నేటి రాజధాని వార్సాకు ముందు కొన్ని శతాబ్దాల పాటు ఆ దేశపు రాజులకు నివాసస్థానం. 1257లో రూపురేఖలు దిద్దుకున్న అక్కడి పాత అంగడి చౌకు ఇప్పటికీ ఊరికి నడిబొడ్డు. ఒక్కో పక్క సుమారు 200 మీటర్లు సాగే ఆ చౌకు చుట్టూ, దాని నుంచి చీలిన సందుల్లోనూ అడుగడుగునా భోజనశాలలే. అతిథులకు పెట్టిపోతల్లో ఆ ఊరి పేరు ఈనాటిది కాదు. 1364లో కాజిమీర్ మహారాజు పిలుపు మీద నాలుగవ చార్లెస్ చక్రవర్తి, మరికొందరు రాజులు అక్కడ సమావేశమైనప్పుడు, వియెజినెక్ అనే వర్తకుడు వారికి గొప్ప విందు చేశాడని పోలండ్‌లో ఈనాటికీ చెప్పుకుంటారు. రాజుల విందు మాట ఎలా ఉన్నా, అక్కడ సంప్రదాయ భోజనం చేయదలచిన ప్రయాణికుడు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ భోజనానికి ప్రాణం పులుపు.

చింతపండు, నిమ్మ పండని దేశంలో ఇంత పులుపు ఎక్కడిదని అడిగితే, దానికి జవాబు ఆ దేశపు చలికాలమే చెబుతుంది. నెలల తరబడి పచ్చికూర దొరకని చోట, శీతకాలానికి కావలసినదంతా మంచు పడకముందే ఉప్పులో ఊరవేసి దాచుకోవలసి వచ్చేది. క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు కలిపి, చెక్క పీపాలలో అదిమి బరువు పెట్టేవారు. చిన్న చిన్న కీర దోసకాయలను సోయకూర కాడలతో, వెల్లుల్లితో కలిపి ఉప్పునీటిలో వేసి ఉంచేవారు. అందులో వెనిగర్ చుక్క కూడా పడదు. కూరలో సహజంగా ఉండే సూక్ష్మజీవులే దానిని పులియబెడతాయి. ఫ్రిజ్‌లు వచ్చి ఆ అవసరం తీరినా నాలుకకు అబ్బిన రుచి మాత్రం పోలేదు.

ఈ పులుపును నిండుగా చూడాలంటే జూరెక్ అనే సూపు తాగాలి. పోలండ్‌లోని ఇసుక నేలల్లో గోధుమ కంటే రై అనే ధాన్యం బాగా పండుతుంది. ఆ రై పిండిని గోరువెచ్చని నీటిలో కలిపి, వెల్లుల్లి రెబ్బలు, బిర్యానీ ఆకు వేసి, మూతికి గుడ్డ కట్టి నాలుగైదు రోజులు వెచ్చని చోట ఉంచుతారు. మన కోస్తా ఇళ్ళలో కుండలో తరవాణి పులిసినట్టే అదీ పులుస్తుంది. ఆ పులిసిన తేటను సాసేజీ ఉడికిన నీటిలో పోసి మరిగించి, చివర మార్జొరం అనే ఎండు ఆకు నలిపి వేసి, కాస్త మీగడ కలుపుతారు. బూడిద కలిసిన తెలుపు రంగులో ఉండే ఆ సూపు చూడడానికి ఏమంత ఆకర్షణీయంగా ఉండదు. అయితే మొదటి చెంచాలోనే పులుపు దవడల దాకా పాకుతుంది. దాని వెనుక వెల్లుల్లి ఘాటు, ఆ తరువాత పొగ వాసన ఒకదాని తరువాత ఒకటిగా తెలుస్తాయి. అడుగున ఉడికించిన గుడ్డు చెక్కలు, తెల్ల సాసేజీ ముక్కలు తగులుతాయి. ఈస్టర్ పండుగ నాడు చాలా ఇళ్ళలో ఇది ఉండి తీరవలసిన వంటకం.

పర్యాటకులు తిరిగే చోట్ల జూరెక్‌ను గుండ్రటి రొట్టెలో పోసి తెస్తారు. రొట్టె పైభాగాన్ని కోసి, లోపలి మెత్తటి భాగాన్ని తీసివేసి, కోసిన ముక్కను తిరిగి మూతలా పెడతారు. ఫోటోకు అది బాగానే ఉంటుంది. కానీ కొంతసేపటికి రొట్టె సూపును పీల్చుకోవడం మొదలుపెడుతుంది కనుక, తీరికగా తినేవారికి మామూలు గిన్నెలో పోయించుకోవడమే మేలని నా అభిప్రాయం. కార్చ్మా అని పిలిచే పాతకాలపు సత్రాల తీరులో దూలాలు, చెక్క బల్లలు, గోడలకు వేలాడే వ్యవసాయ పనిముట్లతో అలంకరించిన భోజనశాలల్లో కూడా, హంగు పెరిగినకొద్దీ ధర పెరిగి పులుపు తగ్గడం గమనించాను. విదేశీయులు పులుపుకు వెరుస్తారని వంటవారు అనుకుంటారు కాబోలు. గోంగూర తిని పెరిగినవారికి ఆ మినహాయింపు అక్కరలేదు.

గోంగూర అక్కడ లేదు గానీ, చుక్కకూరకు దగ్గరి బంధువు ఉంది. పోలిష్ పల్లెల్లో పచ్చిక బయళ్ళ మీద తనంతట తానే మొలిచే ష్చావ్ అనే పుల్లని ఆకు, మన చుక్కకూర, రెండూ రూమెక్స్ అనే ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. వసంతంలో ఆ ఆకుతో చేసే పచ్చటి సూపులో బంగాళదుంప ముక్కలు, ఉడికించిన గుడ్డు వేస్తారు. తెలుగువారికి మొదటి ముద్దలోనే పరిచయమైన రుచి కావాలంటే దీనిని అడగవచ్చు. ఎర్రటి బీట్‌రూట్ చారు అయిన బార్ష్చ్ కూడా పులియబెట్టిన బీట్‌రూట్ రసంతో చేస్తేనే అసలైనది. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆకాశంలో మొదటి నక్షత్రం కనిపించిన తరువాత కూర్చునే మాంసం లేని విందులో, చాలా ఇళ్ళలో ఈ చారుకే అగ్రస్థానం. ఆ రాత్రి అనుకోకుండా వచ్చే అతిథి కోసం బల్ల మీద ఒక పళ్ళెం ఎక్కువ పెట్టి ఉంచడం వారి ఆచారం.

సూపు తరువాత వచ్చే ప్రధాన వంటకాల్లో బిగోస్‌కు పేరు ఎక్కువ. పులిసిన క్యాబేజీలో రకరకాల మాంసం, ఎండు పుట్టగొడుగులు వేసి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి, మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ వేడి చేస్తారు. పాతబడినకొద్దీ రుచి పెరుగుతుందని వారి నమ్మకం. అందులో పందిమాంసంతో పాటు గొడ్డుమాంసం కూడా ఉండవచ్చు కనుక, పట్టింపు ఉన్నవారు ముందే అడిగి తెలుసుకోవాలి.

శాకాహారులకు ఆసరా పియెరోగి. గోధుమపిండి ముద్దను పలుచగా వత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, కూరు పెట్టి సగానికి మడిచి, అంచులు వేళ్ళతో నొక్కి నీటిలో ఉడికిస్తారు. బంగాళదుంప, త్వారోగ్ అనే తాజా జున్ను, వేయించిన ఉల్లిపాయ కలిపి పెట్టిన రకం దేశమంతటా దొరుకుతుంది. పులిసిన క్యాబేజీ, పుట్టగొడుగులతో చేసేది మరొకటి. వేసవిలో బ్లూబెర్రీ పళ్ళు పెట్టి, పుల్లటి మీగడ పోసి ఇస్తారు. అయితే ఇక్కడే జాగ్రత్త పడవలసిన విషయం ఉంది. లోపల మాంసం లేకపోయినా, వడ్డించేటప్పుడు పైన పందికొవ్వు వేపుడు ముక్కలు చల్లడం మామూలు. వద్దని ముందుగానే చెప్పాలి. అలాగే కొన్ని చోట్ల మనం అడగకుండానే రొట్టెతో పాటు చిన్న మట్టిపాత్రలో తెల్లటి ముద్ద తెచ్చి పెడతారు. వెన్న అనుకునేరు, అది ఉల్లిపాయతో కాచిన పందికొవ్వు. కూరగాయల సూపులను కూడా మాంసం ఉడికిన నీటితో చేయడం పరిపాటి. చేపను వారు మాంసం కింద లెక్క వేయరు కనుక, మాంసం లేదన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా చేప సంగతి విడిగా అడగాలి.

తక్కువ ఖర్చుతో తినాలనుకునేవారికి నేను చెప్పేది బార్ మ్లెచ్నీ, అంటే పాల ఉత్పత్తుల వంటకాలకు పేరుపడిన చౌక భోజనశాల. మొదటిది 1896లో వార్సాలో వెలసిందని చెబుతారు. కమ్యూనిస్టుల కాలంలో ఇవి ఊరూరా విస్తరించాయి. 1980లలో మాంసానికి రేషన్ ఉన్న రోజుల్లో పాలు, పిండి, గుడ్లు, దుంపలతో జనం కడుపు నింపింది ఇవే. 1989లో ఆ పాలన ముగిసిన తరువాత చాలా వరకు మూతపడగా, మిగిలినవి ప్రభుత్వ రాయితీతో నడుస్తున్నాయి. వార్సా, వ్రోత్స్వావ్ వంటి నగరాలకు చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలకు కూడా ఇవి అందుబాటు ధరలో ఉంటాయి.

అక్కడ హంగు ఏమీ ఉండదు. గోడ మీద వంటకాల పట్టిక పోలిష్‌లో ఉంటుంది. గల్లా దగ్గర డబ్బు కట్టి, చీటీ తీసుకుని, వంటగది కిటికీలో ఇవ్వాలి. ఆప్రాన్ కట్టుకున్న పెద్దావిడ వంటకం పేరు గట్టిగా పిలిచినప్పుడు వెళ్ళి మనమే తెచ్చుకోవాలి. తిన్న పళ్ళేలు మరో కిటికీలో పెట్టాలి. పక్కన పింఛనుదారులు, విద్యార్థులు, ఆఫీసు ఉద్యోగులు ఒకే బల్ల దగ్గర కూర్చుని, మాట్లాడకుండా సూపు తాగుతూ కనిపిస్తారు. పళ్ళు ఉడికించిన తేట నీటిని కోంపోత్ పేరుతో గ్లాసుల్లో పోసి ఇస్తారు, తాగడానికి మంచినీటికి బదులు చాలామంది తీసుకునేది అదే.

శుక్రవారాల్లో మాంసం మానే కాథలిక్ ఆచారం ఇంకా కొంత మిగిలి ఉన్నందువల్ల, ఆ రోజు మాంసం లేని వంటకాలు ఎక్కువ రకాలు దొరికే అవకాశం ఉంది. పోలండ్‌లో పగటి పూట ప్రధాన భోజనం కాస్త ఆలస్యంగా జరుగుతుంది. ఇటువంటి చోట్లు కొన్ని సాయంత్రానికే మూసేస్తారు, మంచి వంటకాలు అంతకు ముందే అయిపోతాయి. కనుక మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య చేరుకుంటే వరుస కూడా తక్కువగా ఉంటుంది.

నమస్కారం.